దండెం మీది పసుపు వైరు

ఫిబ్రవరి 19

పొద్దున్నే రైలు దిగాను. చెప్పుల్లో ఇంకా ఇసుక ఉంది. ఇంట్లో ఏం చెప్పినా అరుస్తున్నానంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద ఎంత అరిచినా ఎవరి నిద్రా చెడదు.

పక్క క్వార్టర్ కమలకుమారి గారి మేనకోడలి పెళ్ళికి అంతర్వేది వెళ్ళాను. మన గోదావరి పాయ ఒకటి అక్కడ సముద్రంలో కలుస్తుందని పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నాను. కళ్ళతో చూడటం ఇదే మొదలు. పెళ్ళయిన మర్నాడు ఆవిడ తమ్ముడు కామరాజు మమ్మల్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఇసుకలో పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చిందట. మెడకూ ముందు రెక్కకూ కలిపి పసుపుపచ్చ వైరు బిగుసుకుపోయింది. మెడ కోసుకుపోయి లోపలి మాంసం తెల్లగా కనిపించింది. ఒక పక్కన కుక్కలు అప్పటికే మొదలుపెట్టాయి.

"ఏటా వరద తీశాక ఈ పైపు ముక్కలు కొట్టుకొస్తాయండి. మా వలల్లోనూ పడతాయి. దేనికి వాడతారో ఇక్కడెవరికీ తెలీదు," అన్నాడు కామరాజు.

నాకు తెలుసు. చూడగానే తెలిసింది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ చేసేటప్పుడు మందు పేల్చే వైరు అది. లోపల బోలు, పైన నున్నటి ప్లాస్టిక్. పేలాక మిగిలిన తోకలు గోదావరిఖనిలో మా కాలనీ ఇళ్ళల్లోకి వస్తాయి. మంచాలు అల్లుతారు, పాదులకు పందిళ్ళు కడతారు, బతుకమ్మ ఎత్తుగా నిలబడటానికి లోపల వరసవరసకూ చుడతారు. ఆ బతుకమ్మలు ఎక్కడికి పోతాయి? గోదావరిలోకి. గోదావరి ఎక్కడికి పోతుంది? ఇది ఆరో తరగతి ప్రశ్న. నేనే వేస్తుంటాను.

కమలకుమారి గారు నా వంక చూసి, వెంటనే సముద్రం వంక తిరిగారు. నేనూ ఏమీ అనలేదు. పెళ్ళికెళ్ళిన చోట గొడవ ఎందుకని.

ఫొటో తీసుకున్నాను. కామరాజు కత్తితో వైరు కోసి తీశాడు. ఒక కొసముక్క నేను తెచ్చుకున్నాను. దాని చివర కాలి, నల్లటి గుండులా గట్టిపడి ఉంది. అక్కడెవరో చెత్త తగలబెట్టి ఉంటారు.

ఊరికి కట్టుకెళ్ళిన బట్టలన్నీ ఉతికి దండెం మీద ఆరేశాను. మా దండెం కూడా ఆ వైరే. రేపే కొబ్బరి తాడు కొనాలి.

ఫిబ్రవరి 20

మా ఆయన వీరేందర్ షాట్‌ఫైరర్. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేయించేది ఆయనే. కాలనీకి వైరు తెచ్చిపెట్టేదీ ఆయనే. అన్నం తింటుండగా ఫోను ముందు పెట్టాను.

"ఒక్కసారి సూడు."

ఫోను బోర్లా తిప్పి పక్కన పెట్టాడు. "బువ్వ తినంగ సచ్చిన తాబేలును సూపిస్తరా ఎవలన్న?"

"దాని మెడకున్నది మన వైరు."

"మన వైరంటవేంది? దేశంల ఎన్ని క్వారీలున్నయ్? అన్నిట్ల గదే వైరు. గోదారిల పడ్డదల్ల నా ఖాతలనే రాస్తవా?"

"నీ ఖాతల రాస్త అన్ననా?"

"నేను తేకుంటె అది మట్టిల పోతది. తెస్తె నలుగురికి పనికొస్తది. ఇంట్లంటె ఇంట్ల అన్నవ్. బయట గిట్ల మాట్లాడకు సంధ్యా. బ్లాస్టింగ్ కాడికెంచి పుల్ల గూడ బయటికి తేవద్దని రూలున్నది. సార్ల చెవుల పడితె నన్ను బ్లాస్టింగుల ఉంచరు. సమజైందా?"

సమజయింది. తాబేలు చచ్చిపోయినా ఫరవాలేదు, సార్ల చెవిలో పడకూడదు. ముక్కను బీరువాలో చీరల కింద పెట్టాను.

మార్చి 3

దుకాణంలో కొబ్బరి తాడు లేదట. నైలాన్ ఉందట. నైలాన్ కొనేదానికి ఇది తీయడం ఎందుకు? కొనలేదు.

సాయంత్రం ఎదురు లైన్ పూలమ్మ వచ్చింది. "అన్నా, సొరపాదుకు పందిరెయ్యాలె. జర వైరుంటె ఇయ్యవా?" ఆయన ముఖం వెలిగిపోయింది. నేను ఏదడిగినా డ్యూటీ చేసి అలసిపోయానంటాడు. పూలమ్మ కోసం గడప మీద కూర్చుని వైరు కొలిచి, కోసి, ప్రతి కొసనూ అగ్గిపుల్లతో కాల్చి, వేలికి చెప్పు తోలు ముక్క అడ్డం పెట్టుకుని వత్తాడు. కోసిన చివర పదునుగా ఉంటుంది, చేతులకు గీరుకుంటుందట. బతుకమ్మకు అడిగినవాళ్ళకూ ఇలాగే చేసి ఇస్తాడు. ఇంకెవరూ ఇంత ఓపిగ్గా చేయరని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోనీ.

నేను లోపల గిన్నెలు గట్టిగా కడిగాను.

జూన్ 22

ప్రపంచ సముద్ర దినం ఎనిమిదో తేదీన వెళ్ళిపోయింది. అప్పుడు మాకు సెలవులు. అందుకని మా బడి ఇవాళ జరిపింది. సముద్రం ఏమీ అనుకోదులే అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఆయనే నవ్వుకున్నారు.

పొద్దున నుంచి ఒళ్ళు మండుతూనే ఉంది. స్టేజీ మీద తాబేలు బొమ్మ పెట్టాలన్నారు. మంచిదే. దేనితో చేశారు? కొత్త ప్లాస్టిక్ గ్లాసులతో. బజారుకు పోయి సంచుల కొద్దీ కొత్త గ్లాసులు తెచ్చి, ప్లాస్టిక్ వల్ల చచ్చే తాబేలును తయారు చేశారు! "వాడినవి తెస్తే బాగుండేది సార్" అంటే, "ఫొటోలో నీట్‌గా రావు మేడమ్" అన్నారు. సభ అయ్యాక అటెండరు ఆ తాబేలును ముక్కలు చేసి గోడ వెనక మోరీలో పారేశాడు. ఆ మోరీ ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు.

నేను మాట్లాడాను. తెర మీద ఫొటో చూపించాను. పిల్లలు "అయ్యో" అన్నారు. తల్లులు కూడా అన్నారు. సంచులు, సీసాలు, వలలు, స్ట్రాలు, అన్నీ చెప్పాను. ఒక తల్లి లేచి, "మెడకున్న ఆ పసుపుది ఏంది టీచర్?" అని అడిగింది. "ఒక రకం ప్లాస్టిక్" అన్నాను.

కొసముక్క నా సంచిలోనే ఉంది. తీసి చూపించేదాన్నే. టైం అయిపోయింది.

జూన్ 23

టైం నిజంగానే అయిపోయింది. ప్రిన్సిపాల్ గారు గడియారం చూపించారు కూడా.

ఆగస్టు 11

గోదావరి నిండుగా వచ్చింది. గేట్లన్నీ ఎత్తారట. బ్రిడ్జి మీద జనం ఫోన్లు పట్టుకుని వరదకు వీపు తిప్పి నిలబడ్డారు, వెనక వరద కనిపించాలిగా. నీళ్ళలో ఏమేం పోతున్నాయో చూసేవాళ్ళు లేరు. థర్మాకోల్ పెట్టెలు పోయాయి, చెప్పులు పోయాయి, మందు సీసాలు పోయాయి. ఒకచోట తుప్ప కొమ్మకు పసుపు వైరు తట్టుకుని కాసేపు ఊగి, విడిపోయి వెళ్ళిపోయింది. నేను కమ్మీ పట్టుకుని తిట్టాను. పక్కనున్నాయన తననేమోనని జరిగి నిలబడ్డాడు.

తిరిగొచ్చేసరికి వాన. దండెం మీది బట్టలు తడిసిపోయాయి. తాడు సంగతి మరిచిపోయాను.

సెప్టెంబర్ 28

పండుగ కమిటీ బుచ్చన్న ఇంటికొచ్చాడు. పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు గోదావరి ఘాటు మీద పర్యావరణం గురించి నేను రెండు ముక్కలు మాట్లాడాలట. "పండుగపూట గదా టీచరమ్మా, ఎవలకు నొప్పి తాకకుంట మాట్లాడు. గని సారు గూడ వస్తున్నడు." అందరికంటే ఎత్తయిన బతుకమ్మకు ఈసారి కుక్కర్ బహుమతి అని కూడా చెప్పాడు.

ఎవరికీ నొప్పి తాకకుండా! నొప్పి తాకినదాన్ని కుక్కలు తిన్నాయి.

అక్టోబర్ 4

ఇవాళ ఇంట్లో గొడవయింది.

మా అత్తమ్మ సమ్మవ్వ బతుకమ్మ అంటే కాలనీ అంతా చెప్పుకుంటుంది. మనిషెత్తు పేరుస్తుంది. బహుమతి ఏటా మా ఇంటికే వస్తుంది. ఇవాళ గునుగుపూలకు రంగులద్దుతూ, కొడుకును పిలిచి, "వీరిగా, వైరు తెచ్చి పెట్టినవా? ఈసారి జర ఎక్కువ కావాలె" అంది. ఆయన మంచం కింద నుంచి చుట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. నిగనిగలాడుతోంది, కొత్త చుట్ట.

నా నోరు ఆగలేదు.

"అత్తమ్మా, బతుకమ్మ అంటె ఆడబిడ్డ అంటవ్. అత్తగారింటికి సాగనంపుతున్నం అంటవ్. మరి సాగనంపేటప్పుడు ఒడిబియ్యంల ఎవలన్న ఉరితాడు పెడ్తరా?"

ఆమె చేతిలోని గునుగు కట్ట అలాగే ఆగిపోయింది. ఆయన, "ఏం మాటలవి పండుగపూట!" అని లేచాడు. అత్తమ్మ చేయెత్తి కొడుకును ఆపింది. నా వంకే చూస్తూ అడిగింది.

"నేను ఉరితాడు పెట్టిన్నా బిడ్డా?"

ఫొటో తీసి చూపించాను. చాలాసేపు చూసింది. నేను వైరు చూపించాను, మెడ చూపించాను, నది చెప్పాను, సముద్రం చెప్పాను. గొంతు ఎంత పెరిగిందో నాకే తెలియలేదు, కమలకుమారి గారు గుమ్మంలోకి వచ్చి చూసి పోయారు. అంతా విన్నాక అత్తమ్మ ఫోను నాకిచ్చింది.

"మరి నీ చీరెలు దేనిమీద ఆరుతున్నయ్?" అంది. "ఎండకాలం సంది తాడు కొంట, తాడు కొంట అంటనే ఉన్నవ్. నాకు నువ్వు ఇయ్యాల చెప్పినవ్. నీకు ఎవలు చెప్పాలె?"

లోపలికి పోయి పడుకుంది. అన్నం తినలేదు. ముసలిదానికి ఎంత రోషం! నేనెంత మంచిగా చెప్పినా...

మంచిగా చెప్పలేదు. అయినా సరే.

అక్టోబర్ 5

దండెం కోసేశాను. కత్తిపీటతో కోశాను, రెండు చోట్ల చేయి గీరుకుంది. చుట్టి సంచిలో వేశాను. తడిబట్టలు కుర్చీల మీద, కిటికీల మీద, గ్యాస్ బండ మీద.

తాడు మంచిర్యాలలో దొరికింది. గోదావరిఖనిలో కూడా ఉండే ఉంటుంది.

అక్టోబర్ 9

అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. ఆయనా మాట్లాడటం లేదు. వైరు చుట్ట ఎక్కడిదక్కడే పడి ఉంది. ఆమె తంగేడుపూలను నారతో కడుతోంది. అరటినార, దారం. నారను నీళ్ళలో నానేసి, చీల్చి, మళ్ళీ నానేస్తోంది. సాయం చేస్తానని పోతే పళ్ళెం అటు జరుపుకుంది.

అక్టోబర్ 10

ఘాటు మీద కాలు పెట్టే చోటు లేదు. లైట్లు, మైకులు, స్టేజీ. స్టేజీ మీద మా ఆయన పైఅధికారి, బుచ్చన్న, ఇంకా కొందరు. మా ఆయన కింద మగవాళ్ళతో నిలబడ్డాడు. ఎటు చూసినా మనిషెత్తు బతుకమ్మలు. పూల సందుల్లోంచి అక్కడక్కడా వైరు పసుపుగా మెరుస్తోంది.

మా అత్తమ్మది నా నడుము దాకా కూడా లేదు. కింద పెట్టగానే ఒకామె, "గిదేంది సమ్మవ్వా, ఈసారి పిల్ల బతుకమ్మనా?" అంది. ఆడవాళ్ళంతా బతుకమ్మల చుట్టూ చప్పట్లు వేస్తూ తిరగడం మొదలుపెట్టారు. మూడో చుట్టో నాలుగో చుట్టో, మాది ఒక పక్కకు ఒరిగింది. చూస్తుండగానే పైవరసలు జారి మట్టిలో పడ్డాయి.

పాట ఆగింది. కొందరు నవ్వారు. ఎవరో అపశకునం అన్నారు. ఇంకెవరో, "పెద్దతనం వచ్చింది, ఇంక చేతగాదు" అన్నారు. అత్తమ్మ వంగి, మట్టిలో పూలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. తల ఎత్తలేదు. ఇన్నాళ్ళూ ఆమె మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు, చుట్టూ ఉన్న వాళ్ళందరి మీదికీ మళ్ళింది. బుచ్చన్న ఇంకా నా పేరు పిలవలేదు. నేనే స్టేజీ ఎక్కి మైకు తీసుకున్నాను.

ఏం మాట్లాడానో ఉన్నదున్నట్టు రాస్తాను, రేపు నేనే మార్చుకోకుండా.

"నవ్వకుండ్రి. మా అత్త బతుకమ్మ కూలింది చేతగాక కాదు. వైరు లేక కూలింది. మీయి నిలవడ్డయంటె వైరుతోని నిలవడ్డయ్. పూలు రేపటికి నీళ్ళల్ల కలుస్తయ్. వైరు కలవది. గోదారి పట్టుకపోయి సముద్రంల ఏస్తది. గుడ్లు పెట్టనీకి వచ్చిన తాబేలుకు ఉరి పడ్డది, నా కండ్లతోని సూసిన. ఆ వైరు ఏడికెంచి వచ్చిందో మీకందరికి ఎరుకే, నోరిప్పరు. నేను ఇప్పలే. ఇప్పుడు చెప్తున్న, అది మా ఇంటికెంచి వచ్చింది. మీ మంచాలకు, పందిళ్ళకు, బతుకమ్మలకు మా ఇంటికెంచే వచ్చింది. ఇంక రాదు. బిడ్డను సాగనంపుకుంట ఒడిబియ్యంల ఉరితాడు పెట్టేటోళ్ళమా మనం? అక్కలాల, నీళ్ళల్ల ఏసే ముందు వైరు గుంజుండ్రి."

అధికారి కుర్చీలో ముందుకు జరిగారు. కింద మా ఆయన తల దించుకున్నాడు. బుచ్చన్న మైకు లాక్కుని, "మన టీచరమ్మ పర్యావరణం మీద మంచి ముచ్చట చెప్పింది, సప్పట్లు గొట్టుండ్రి!" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. కొట్టారు! నాకు శాలువా కప్పారు. శాలువా తీసిన ప్లాస్టిక్ కవరు గాలికి లేచి నీళ్ళలో పడింది. నేను మెట్లు దిగి, పట్టుచీరతో మోకాలిలోతు దిగి, దాన్ని పట్టుకున్నాను. అందరూ మళ్ళీ నవ్వారు. నవ్వనీ.

తర్వాత వైర్లతో సహా బతుకమ్మలన్నీ నీళ్ళలోకి పోయాయి. వెనక లైన్ సారక్క ఒక్కతే తనదాన్ని ఒడ్డు మీద దించి, వైరు లాగి, పూలు మాత్రం వదిలింది. కుక్కర్ పూలమ్మకు వచ్చింది.

అత్తమ్మ కొంగు పట్టుకుని నడుములోతు దిగింది. ఒడిలోంచి పూలు కొన్ని కొన్నిగా వదిలింది. ఆటోలో ఎక్కాక సత్తుపిండి ముద్ద నా చేతిలో పెట్టింది. "తిను. మొత్తుకొని మొత్తుకొని గొంతెండింది," అంది.

అక్టోబర్ 14

మెమో వచ్చింది. ఆయన్ను బ్లాస్టింగు నుంచి తీసి డంపు యార్డు డ్యూటీ వేశారు. ఎంక్వైరీ ఉంటుందట.

"పేరు చెప్పకుంట మాట్లాడరాదా?" అన్నాడు.

"పేరు చెప్పలే."

"ఇల్లు చెప్పినవ్ గదా. ఈ ఇంట్ల వైరు తెచ్చేటోడు ఎవడు, అవ్వనా?"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అరిచినా బాగుండేది. ఇరవై రెండేళ్ళుగా ఆయన బట్టలకు పేలుడు మందు వాసన ఉండేది, ఇవాళ ఒట్టి దుమ్ము వాసన. నాకేం బాధ లేదు. రూలు తప్పింది ఆయన. చిక్కుడుకాయ కూర చేశాను, ఆయనకు ఇష్టమని కాదు, ఇంట్లో అదే ఉంది. తినలేదు. నాకేం బాధ లేదు.

అక్టోబర్ 16

మాట లేదు.

అక్టోబర్ 20

కొబ్బరి తాడు తడిస్తే సాగుతోంది. చీర అంచులు నేలను ఈడుస్తున్నాయి, బొగ్గు దుమ్ము పడుతోంది. మళ్ళీ ఉతుకుతున్నాను. తాడు మీద కూడా కోపమే.

బట్టలు ఆరేస్తుంటే పూలమ్మ వచ్చింది. ఆ రోజు ముందు వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఈవిడే. పక్కనే నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"వదినా, అన్న ఇంక వైరు తేడట గదా. మీరు కోసేసిన పాత దండెం ఉన్నదటగా, జర ఇస్తవా? మాకు పనికొస్తది."

చేతిలోని తడి లంగాను బకెట్లో విసిరేశాను. ఫొటో చూసింది, స్పీచి విన్నది, చప్పట్లు కొట్టింది, కుక్కర్ పట్టుకుపోయింది, ఇప్పుడు దండెం కావాలట! లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. అత్తమ్మ మంచం మీద నుంచి నా వంకే చూస్తోంది. మళ్ళీ తలుపు తీశాను.

"కూసో" అన్నాను. గడప మీద కూర్చోబెట్టి, ఫోను తీసి, మొదటి నుంచి మొదలుపెట్టాను. సముద్రం, ఇసుక, గుడ్లు, మెడ. పూలమ్మ తల ఊపుతూనే, "గంత దూరం మన వైరే పోయిందంటవా వదినా? వేరే క్వారీలది గావొచ్చు" అంది.

మా ఆయన అన్నదీ అదే మాట. అక్షరం తేడా లేదు. నోరు తెరవబోయాను.

లోపలి నుంచి ఆయన వచ్చాడు. డ్యూటీ బట్టల్లో ఉన్నాడు. చేతిలో ఆ కొసముక్క ఉంది. బడి నుంచి తెచ్చి మళ్ళీ చీరల కిందే పెట్టాను, ఎప్పుడు తీసి చూశాడో నాకు తెలియదు. పూలమ్మ ముందు గొంతుక్కూర్చుని, చివరి నల్లటి గుండును ఆమె వేలికి ఆనించాడు.

"తాబేలు మెడకెంచి తీసిన ముక్కిది. గీరుకుంటున్నదా?"

"లేదన్నా."

"గీరుకోకుంట కాల్చి, వత్తి ఇచ్చేటోడు ఈ ఊర్ల ఎవడు?"

పూలమ్మ నా వంక చూసింది. మళ్ళీ ఆయన వంక చూసింది.

"నువ్వే గదన్నా."

ఆయన ముక్కను ఆమె చేతిలోనే వదిలేసి, టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి పోయాడు. పూలమ్మ ఫోను మీదికి వంగింది. ఈసారి చాలాసేపు చూసింది.